ముప్పై మూడించుల టైర్లు

దేవరకొండ బస్టాండు ఎన్క జహంగీర్ షెడ్డు.
జాకీల మీద మా నాయన కమాండర్ జీపు
నాడాలు కొట్టేటప్పటి ఎద్దు లెక్క
గుడ్లు తేలేసి.

కమాన్లు మార్చి నాలుగించులు లేపిండు.
టైర్లు ఎక్కిచ్చి, స్టీరింగు కుడికి మొత్తం కొడితే
గర్ర్... మడ్గార్డు రబ్బరును కొరికింది.
ఎడమకు కొట్టినా గంతే.
"కొయ్యాలె సేటూ" అన్నడు.
గ్రైండరు రవ్వలు ఆయన గడ్డం దాకా వొచ్చి ఆరిపొయినయి.

నాయన పసుపురంగుల రాయించిన "చందంపేట"ల
"పేట" రేకుతోటి కిందవడ్డది.
"చందం" బండికి మిగిలింది.

పొద్దుమీకి గా బాటనే పోయిన.
మీటరు మూడు కిలోమీటర్లు తక్కువ చూపిచ్చింది.
కాలు పెద్దగైతే ఊరు దగ్గరికొస్తదా?

తండా కాడ జమ్లీబాయి చెయ్యెత్తింది.
ఎప్పటి లెక్కనే కాలెత్తింది,
అందలే.
"ఎవరెక్కాలని లేపినవ్ బిడ్డా దీన్ని?"

ఎన్కసీట్ల పడేసిన పాత టైరు,
అరిగి గుండు లెక్కయింది,
దించి కింద ఏసిన.
మేకపిల్లను ముందుగాల నా చేతికిచ్చి
దాని మీద అడుగేసి ఎక్కింది.

టైరును మళ్ల లోపలేసుకున్న.
ముందట ఇంకా రెండు తండాలున్నయి.