ఆకుల కప్పు

లాలాగూడ క్వార్టర్స్, మూడో బ్లాకు మేడ మీద
నాలుగు సర్వే కర్రలు, పాత దుప్పట్లు,
పైన మౌలాలి నుంచి ఆటోలో తెచ్చిన ఈతాకులు.
"చుక్క కనపడాలి, అంత పలచగా పరిచెయ్"
అన్నాడు హస్కెల్ నగావ్‌కర్ సారు.
మూడొందల మందిని నడిపిన ఫోర్‌మన్,
కింద నిచ్చెన పట్టుకుని.

నేనో,
నిన్ననే యూనియన్ కార్యదర్శినయ్యాను.
దండ రాసుకున్న మెడ ఇంకా దురద పెడుతోంది.
ఆయన నోట ఓ మంచిమాట విందామని
స్వీటు డబ్బాతో వస్తే
చేతిలో పురికొస పెట్టాడు.

ఏడు రోజులూ ఇందులోనే తిండట.
ఎడారిలో వాళ్ల పెద్దలకి
ఇంతకన్నా గట్టి కప్పు లేదట.
"దారి చూపినాయనకీ ఇదే గుడిసెనా?" అన్నాను.
"ఆయనకి నత్తి కూడాను" అని నవ్వాడు.

చీకటి పడ్డాక ఒక్కొక్కరే ఎక్కొచ్చారు.
స్వీపర్ బాలమణి,
పక్క పోర్షన్ ఖైసర్ బేగం,
పేరు తెలియని పాయింట్స్‌మన్ కుర్రాడు.
నన్ను నడిమధ్య కూర్చోమన్నాడు సారు.

దసరా వెళ్లినా వదలని వాన
అడక్కుండానే దిగింది ఆకుల్లోంచి.
అందరం పళ్లేలు ఇటు లాక్కున్నాం.
ఆయనొక్కడే
కారే చోటికి జరిగి కూర్చున్నాడు,
చారులో చినుకులు పడుతుంటే
"ఉప్పెక్కువైంది, మంచిదేలే" అంటూ.

నా పళ్లెం పొడిగా ఉంది.
ఎంతసేపటికీ
ఆ పొడి నమల్లేకపోయాను.