చింతపండు లేని ఆదివారం

రాంనగర్ మార్కెట్ల పొద్దుగాల్నే
కొరమీను తల మీద ఒక్క దెబ్బేసి
"పులుసుకేనా అక్కా?" అన్నడు కోసేటాయన.
నేను ఏమనలేదు.

పులుపు బంద్, కారం బంద్ అన్నడు డాక్టరు.
నెలన్నర నుంచి మా యాదగిరి
పెరుగన్నం ముందు
చలాన్ కట్టేటోని లెక్క కూసుంటున్నడు.

కింది పోర్షన్ల ఉండే నర్సు షైనీ చెప్పింది:
చిక్కటి పాలు ఒక దిక్కు, పల్చటివి ఒక దిక్కు.
ముక్కలు పల్చటి పాలల్ల ఉడకాలె.
చిక్కటివి పోసినంక మాత్రం
మంటను నమ్మొద్దు, విరిగిపోతయి.

కొబ్బరి మిక్సీల గరగరమంటుంటే
నల్లా వచ్చింది. బిందె పెట్టి ఉరికొచ్చిన.
పాత ధోతి గుడ్డల పిండితే
రెండోసారికి కూడ మిగిలే ఉంది తెలుపు.

అల్లం, కరివేపాకు, చీరిన పచ్చిమిర్చి రెండు.
రెండే.
చెయ్యి దానంతట అదే డబ్బా దాకా పోయింది.
లోపల చింతపండు, నల్లగ,
మా అత్త చూసినట్టే చూసింది.
మూత పెట్టేసిన.

గిన్నె అంచుకు సన్న సన్న బుడగలు.
గరిటె పెట్టలేదు. మసిగుడ్డతోని పట్టుకొని
గిన్నెనే గుండ్రంగ తిప్పిన,
నిద్రలకు జారే పిల్లను ఊపినట్టు.

మొదటి ముద్ద నోట్లె పెట్టుకొని
శానసేపు మింగలేదు ఆయన.
"చేపల కూరనా, పాశమా ఇది?"

నేను నల్లా బంద్ చేసొచ్చేసరికి
ముళ్లు ఒక్కొక్కటే ఏరి
పళ్లెం అంచున వరుసగ పెట్టిండు.
ఇంకో ముక్క అడగలేదు.
పళ్లెం మాత్రం
గిన్నె దిక్కు జరంత జరిగి ఉంది.