మేకుకు కావలి

నా కొలువేమిటో చెబితే నవ్వుతారు.
నల్లబండలో దిగ్గొట్టిన జానెడు ఉక్కు మేకు,
దాని చుట్టూ నాలుగు రాళ్ళు,
పక్కన నేను.
ఒంటెలు తొక్కకుండా, పిల్లలు పీకకుండా చూడాలి.

ఏడాదికోసారి సెలమావిట్ వస్తుంది
అడిస్ అబాబా నుంచి, రెండు జీపుల్లో, నీళ్ళ డబ్బాలతో.
మేకు నెత్తిన మూడుకాళ్ళ యంత్రం నిలబెట్టి
పైన ఎవరినో అడుగుతుంది,
ఇది నిరుడున్న చోటే ఉందా అని.
లేదట.
రెండు జొన్నగింజలు పక్కపక్కన పెడితే ఎంతో
అంత జరిగిందట.
కంటి మీద కునుకు లేకుండా కాసినందుకు
ఇదా ఫలితమని
మొదటి ఏడు తల దించుకున్నాను.

"కదిలింది మేకు కాదు కదాఫో, కింద నేల"
అని ఇంజెరా అట్టు ఒకటి తీసి
రెండు చేతులా పట్టుకు లాగింది.
నడుమ పలచబడింది, కుంగింది, చీలింది.
"ఆఫ్రికా అంటే ఇదనుకో.
నువ్వు కూర్చున్నది ఈ చిరుగు దగ్గర."
చూపించాక రెండు ముక్కలూ నాకే పెట్టింది.
తిన్నాను.
ఖండం కాస్త పులుపు.

మా అఫార్ వాళ్ళకు లోతు గురించి వేరే చెప్పాలా?
ఉప్పు మైదానంలో నిలబడితే
సముద్రమట్టం డెబ్బై నిలువుల పైన ఉంటుంది.
చేపలు తిరగాల్సిన చోట ఒంటెల బారు.
ఎప్పుడో ఎర్రసముద్రం ఇటొచ్చి, దారి మూసుకుపోయి,
ఆవిరవుతూ ఆవిరవుతూ
తన ఎముకల్ని ఇక్కడే వదిలేసింది.
వాటిని పెళ్ళగించడం తిగ్రాయ్ కొండలు దిగి వచ్చే హఫ్తూ వాళ్ళ వంతు,
పలకలుగా చెక్కడం మా నాన్న వంతు.
వాళ్ళ మెడలో సిలువ, మా నడుముకు బాకు,
మధ్యాహ్నానికి అందరి అరచేతుల్లోనూ ఒకటే మంట.
మా తాత నాటికి ఆ పలకే డబ్బు.
"చెమట చేత్తో ముట్టుకోకురా, ఆస్తి కరిగిపోతుంది" అనేవాడు.

దక్షిణాన అవాష్ అని ఒక నది.
కొండల్లో పుట్టి సముద్రానికనే బయల్దేరుతుంది.
చెరకు కొంత తాగుతుంది, పత్తి కొంత,
మిగిలింది ఎండ.
ఉప్పుగాలి ముఖానికి తగిలేలోపే
మడుగుల్లో కూలబడుతుంది.
దాని మీద నాకు జాలేమీ లేదు.
మా గుడిసెల్లో మాత్రం అల చూసినవాళ్ళెందరు?

మా అక్క మోమినా చూసింది.
ఎరిత్రియా ఒడ్డున వలలు అల్లేవాడికి మనువిచ్చారు.
ఒంటె మీద ఆరు రోజులు, అంతే దూరం.
మధ్యలో గీత ఉన్నట్టు ఒంటెకూ తెలియదు, మాకూ తెలియదు.
తర్వాత యుద్ధమొచ్చి గీతకు ముళ్ళు మొలిచాయి,
ముళ్ళ కింద మందుపాతరలు.
ఇరవై ఏళ్ళు
దొంగదారిన ఎండుచేపలు తెచ్చేవాడి మూటలో
ఆమె కబురు వెతుక్కున్నాను.
కొన్నిసార్లు దొరికేది. ఎక్కువసార్లు చేపలే.

"ఆ గీత గీయడానికి ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగాను.
సెలమావిట్ కాగితాల మీంచి తలెత్తలేదు.
"ఒక గది, ఒక బల్ల, ఒక మధ్యాహ్నం. అంతే అయుంటుంది."
"మరి ఇది?" మేకు చూపించాను.
"ఇంకో యాభై లక్షల ఏళ్ళు. కోటేమో."

చీలడానికి
నేలకెంత మొహమాటం!

అప్పుడు సముద్రం మళ్ళీ వస్తుందట,
ఈ బండ మునుగుతుందట.
మరి నా జీతం ఎవరిస్తారంటే
కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.
నవ్వు ఆగాక మెల్లగా అడిగాను,
మేకు ఎటు పోతోందని.
తూర్పుకే అంది.
మోమినా వైపే!
"కానీ ఆ ఒడ్డు కూడా తూర్పుకే పోతోంది, కదాఫో.
మనకన్నా కాస్త తొందరగా."

మొన్నటి యుద్ధంలో రెండేళ్ళు జీపులు రాలేదు, జీతమూ రాలేదు.
కాస్తూనే ఉన్నాను.
రాత్రుళ్ళు ఉత్తరాన ఎర్తా ఆలె, మా పొగకొండ,
మేఘాల అడుగున ఎర్రబారుతుంటే
బండకు చెవి ఆనించి పడుకునేవాణ్ణి.
ఏమీ వినపడేది కాదు.
లెక్క తప్పకూడదని
ఏడాదికి రెండు జొన్నగింజలు మేకు పక్కన పేర్చాను.
పొద్దున లేచి చూస్తే
ఒకదాన్ని చీమలు మోసుకుపోతున్నాయి,
తూర్పుకే.