అరగదీసిన చామంతి

ఖల్ఫాన్ సాబ్ దుప్పటి విప్పి బల్ల మీద పెట్టిండు.
పొట్టి తుపాకి. జపానుది.
గుర్రపు దండు కోసం చేసినదట.
ఉమ్ అల్ కువైన్ల మా షూటింగ్ క్లబ్బుకు
వచ్చేవన్నీ కొత్తయి, ఇంకా రశీదు వాసన పోనివి.
దీనికి మాత్రం ఎవరిదో అటక వాసన.
"సాఫ్ చెయ్ రాజలింగం. ఆనక ఒకటి నువ్వే కొట్టు."

బోల్టు పైన రేకు మూత,
జరంత కదిపితే పాలక్యాను లెక్క గలగల.
దుమ్ము పడకుండ పెట్టిన్రట.
చప్పుడుకు జడిసి సిపాయిలే పీకి పారేసెటోళ్లట.
దీనిది మిగిలింది.
ఎవడో మొండోడు, లేకుంటే బద్ధకస్తుడు.

వెనక గుబ్బను అరచేత ఒత్తి తిప్పి
బోల్టు లాగిన.
సిరిసిల్లల పదకొండేండ్లు నాడె పోకడ విన్న చెయ్యి ఇది:
సగం దూరంల గరుకు, ఆవల నున్నగ.
ఎండిన గ్రీజు.
కిరోసిన్ల నానబెట్టిన.

గొట్టం మొదట్ల మూడు అక్షరాలు.
మొదటిది మూడు అడ్డగీతలు.
మూడే అయ్యుంటదనుకున్న, మూడేనట.
రాని భాషల ఒక్క అంకె దొరికింది,
తెలువని బస్టాండుల మనోడు కనవడ్డట్టు.

వాటి మీద కొంచెం లోతు.
అద్దం పెట్టి చూసిన.
అక్కడ పువ్వు ఉండెనట. పదహారు రేకుల చామంతి,
వాళ్ల రాజు ముద్ర.
ఓడిపోయి తుపాకులు అప్పజెప్పే ముందు
ఆకురాయితో అరగదీసిన్రట.
అంచున నాలుగు రేకులు తప్పించుకున్నయి.

గీతల వాలు చూస్తే
గీకినోడు ఎడమచేతి వాటం.
మొదట నిమ్మళంగ, పోను పోను విసురుగ.
వరుసల ఇంకా వందలున్నయి కావచ్చు,
పొద్దుగూకుతున్నది కావచ్చు.
నాకు యుద్ధం కానరాలే.
వాని మణికట్టు కానొచ్చింది.

అజ్మాన్ల మా కంపెనీ మునిగిన యేడు
ముప్పై రెండు బస్సు తలుపుల మీది పేరు
గ్రైండర్‌తో నేనే చెరిపిన.
ఐదు నెలల జీతం రావాలె ఆ పేరు నుంచి.
ఆఖరి తలుపు మీద
ఒక అక్షరం తోక వదిలిపెట్టిన.
మరిచి కాదు.

"జర పట్టుకో" అన్న రోడెల్‌ని.
ఫిలిప్పీన్సోడు, ఎప్పుడూ నవ్వు మొకమే.
చేతులు జేబుల పెట్టుకున్నడు.
"మా అమ్మమ్మ చూసింది ఆ పువ్వును,
అరగదీయకముందు."
ఇంత మాట అని ఎర్రజెండా ఎత్తెతందుకు పోయిండు.

తూటా సన్నది, పెన్సిల్ ముక్కంత.
కొయ్య మడమ రెండు చెక్కలు అతికిచ్చినది,
కర్ర మిగులు చూసుకున్న వడ్రంగి పని.
చెంప ఆనిచ్చిన. ఊపిరి సగం వదిలిన.

దెబ్బ అనుకున్నంత లేదు.
మూతి కాడ జానెడు మంట.
చప్పుడు సముద్రం దిక్కు పోయినంక సుత
రేకు మూత ఇంకా గలగలమంటనే ఉన్నది.
బెత్తెడు పైకి, రెండు వేళ్లు ఎడమకు.
సాబ్ చప్పట్లు కొట్టిండు.

రోడెల్ చీపురుతో వచ్చిండు.
ఖాళీ తొడుగును ఇటలీ తొడుగులల్ల కలిపి
డబ్బాల వేసిండు.

సాయంత్రం రిజిస్టర్ల రాసిన:
బోల్టు సాఫ్. గొట్టం సాఫ్. స్ప్రింగు బాగుంది.
నాలుగో గడిల "పువ్వు" అని రాసి
గీత కొట్టిన.
ఒక్క గీతే.