జుర్మానా చీటీల వెనక

పోగు తెగితే అణా.
ఆలస్యమైతే అరపూట కూలి.
దొడ్లో బీడీ వాసనొస్తే
మేస్త్రీ నోటికి ఎంతొస్తే అంత.

అలా జమైన పసుపు చీటీల వెనక
మా తాత పెంచలయ్య ఒక ఊరు కట్టాడు,
పెరంబూరులో, ఓటేరి కాలువ కంపులో,
బుడ్డిదీపం దగ్గర గొంతుక్కూచుని.
ఊదా పెన్సిలు తడిపి తడిపి
తెల్లారేసరికి నాలుక నేరేడుపండు.

మొదటి చీటీ మీద వీధులు.
పడుగులా నాలుగు, పేకలా నాలుగు.
ఏ వీధికీ కులం పేరు లేదు, దొర పేరూ లేదు.
నడిబొడ్డున గడియారం కట్టలేదు,
ఆ చోట వేడినీళ్ళ తొట్టి,
పని దిగినవాళ్ళు
చెవుల్లో దూది నుసి కడుక్కోడానికి.

రెండో చీటీ: ఊళ్ళో మిల్లు కూత ఉండదు.
నిద్ర తీరినవాడే లేస్తాడు.
ఇక్కడ కొట్టేసి మళ్ళీ రాశాడు:
లేవనివాణ్ణి పక్కింటివాళ్ళు లేపొచ్చు, మెల్లగా.

తొమ్మిదోది: లాభం అందరిదీ.
పదోది: నష్టం కూడా.
ఇది రాసిననాడు చెయ్యి వణికిందేమో
అక్షరాలు ఓ పక్కకి ఒరిగాయి.

లాకౌటు నాలుగో నెలలో
రాగిబిందె సేటు కొట్టుకి నడిచింది,
దాని వెనకే అవ్వ మట్టెలు.
ఊరు మాత్రం పెరుగుతూనే ఉంది.
బడి, పురిటిగది, పాటలకొక చావిడి,
అందరికీ కలిపి ఒకటే వంటిల్లు.

"అంత వంటింట్లో" అంది చెంగమ్మవ్వ
చేట చెరుగుతూ, తలెత్తకుండా,
"గుండిగలు తోమేది ఎవురు?"

పెన్సిలు నోట్లోనే ఉండిపోయింది.
ఆ వారం ఒక్క వీధీ పడలేదు.

మిల్లు తెరిచారు, షరతుల మీద.
ఎన్నో ఏళ్ళకి మూశారు, ఏ షరతూ లేకుండా.
ఇప్పుడా నేల మీద పద్నాలుగు అంతస్తులు.
తొమ్మిదో దాంట్లో నేను, అద్దెకి.
ఈతకొలను ఉంది.
పనివాళ్ళకి వేరే లిఫ్టు ఉంది.
గేటు మీద బంగారు అక్షరాల్లో
కలల నగరం అని ఉంది.
తాత చూస్తే నవ్వేవాడో
కొలతలు అడిగేవాడో.

బిస్కెట్ డబ్బా బోర్లించి లెక్కపెట్టాను.
నూటముప్పై ఏడు చీటీలు,
అంటే నూటముప్పై ఏడు తప్పులు.
చివరిదాని మీద పటం లేదు.
తడి ఎక్కువై అలికిపోయిన ఊదా రంగు,
వెలుతురుకి పెట్టి చూస్తే

గుండిగలు: మొదటి వారం పెంచలయ్య.
రెండో వారం