ఇరవై ఐదో సీసా

హుఫూఫ్ దాటి నలభై నిమిషాలు పోతే తారు ఐపోతది.
ఆడ్నుంచి టైర్ల గీతలే దారి.
నా బండిల ఇరవై నాలుగు సీసాలు, ఐసుపెట్టె,
రబ్బరు తొడుగులు, తాడు కట్టిన పెన్ను.
నా పేరు సైదులు. ఈడ సయీద్ అంటరు.
నీళ్లు పట్టుడు, మూత బిగించుడు,
టైము రాసి ల్యాబుకు పంపుడు నా పని.
ఆ నీళ్లు మంచియో కాదో చెప్పుడు
నా పని కాదు.

పదిహేడో బావి కింద
మూడు కిలోమీటర్ల లోతున రాయిని పగలగొడుతున్నరు.
గడ్డపారతోని కాదు, నీళ్లతోని.
రాయి పగిలిన చప్పుడు పైకి రాదు.
పద్దెనిమిది లారీల మీద పంపులు రొప్పుతుంటే
బూట్ల కింద నేల
జొరమొచ్చిన పిల్లగాని ఒళ్లు లెక్క వణుకుతది.

నీళ్లల్ల ఏం కలుపుతరని ఒకనాడు అడిగిన.
రోడెల్ నవ్విండు: "మీ దేశపు పిండే."
సంచి తిప్పి చూస్తే గోరుచిక్కుడు గింజల జిగురు!
మా అమ్మ నువ్వుల పొడేసి వండే గోరుచిక్కుడు
సముద్రం దాటొచ్చి రాయి పగలగొడుతున్నది.
కాయితం మీద ఇంక పది పేర్లున్నయ్.
పన్నెండో గడిల పేరు లేదు,
"వ్యాపార రహస్యం" అని ఉన్నది.

మంగళవారం కంటైనర్ల మీటింగు.
పెద్ద ఇంజనీరు బోర్డు మీద గీసిండు:
గొట్టం, సిమెంటు, మల్ల గొట్టం, మల్ల సిమెంటు.
"ఇన్ని గోడలు దాటి చుక్క గూడ బయటికి రాదు."
సర్కారు తనిఖీదారు తుర్కీ రాసుకున్నడు.
మూల కుర్చీల ముసలాయన బూ జవాద్,
ఒళ్లె ప్లాస్టిక్ సీసా, దాంట్ల ఆయన తోట నీళ్లు.
"నా ఖర్జూరాలు ఆరు కిలోమీటర్ల అవతల," అన్నడు.
"రూలు ఐదు వరకే," అన్నడు ఇంజనీరు.
"రూలు ఆగిన కాడ నీళ్లు ఆగుతయా?"

"మా తాత నాటి ఊట మీరు రాకముందే ఎండింది,
అది మీ మీద వెయ్య," అన్నడు మల్ల ఆయనే.
"మిగిలినదాని లెక్క ఎవరు రాస్తరు?"
తుర్కీ కండ్లజోడు తీసిండు.
"ఈ ఇరవై నాలుగు సీసాల కోసమే
నాలుగేండ్లు కొట్లాడిన, చాచా.
అంతకుముందు ఒక్కటి గూడ లేకుండె."
అదీ నిజమే.

అప్పుడు ముసలాయన నా దిక్కు మళ్లిండు.
"సయీద్, రోజూ పట్టేది నువ్వు.
చెప్పు, నువ్వైతే తాగుతవా?"

ఏసీ చప్పుడు ఒక్కటే.
నా జేబుల ఇఖామా, ఇంకో ఏడు నెలలు.
నాకు మా నల్లగొండ బోరు యాదికొచ్చింది.
ఆ నీళ్లు అద్దం లెక్క ఉండె.
మా పెద్దమ్మ ఆ అద్దమే తాగి తాగి
నలభై ఏండ్లకే నడుము వంగి
మనుషుల మొఖాలు చూసుడు మరిచింది,
మా చెప్పులు చూసి మమ్ముల గుర్తుపట్టేది.
సర్కారోళ్లు వచ్చిండ్రు ఒకనాడు,
చేతిపంపుకు ఎర్రరంగు ఏసి పోయిండ్రు.
వేరే నీళ్లు రెండు కోసుల దూరం.
రంగు ఆరకముందే బిందెలు వరుస కట్టినయ్.

"నాకు తెల్వది," అన్న అరబ్బీల.
అక్కడ ఆ మాట అన్నది నేనొక్కణ్ణే.

వాపసొచ్చేటప్పుడు బండి తోట దిక్కు తిప్పిన.
పగిలితే పనికొస్తదని ఉంచిన సీసా ఒకటున్నది.
బూ జవాద్ మోటరేసిండు.
నీళ్లు తేటగనే ఉన్నయ్,
అదే నాకు నచ్చలె.
ఫారం కింద గీత లేదు,
పెన్ను పట్టి నేనే గీసుకున్న.

గురువారం ల్యాబు నుంచి ఫోను:
"ఇరవై ఐదోది ఎవడు పంపిండు?"
సయీద్ అనబోయి ఆగిన.
సై, దు, లు. ఒక్కొక్క అక్షరం రాయించిన.
ఆయన రాసుకున్నడో, రాసి కొట్టేసిండో.

ఫలితం ఇంక రాలె.
పొద్దుగాల మల్ల ఐసు నింపుకున్న.