అరవై ఆరు గ్రాములు

నాకు డెబ్బై ఐదు ఇచ్చారు ఆనాడు.
దీనికి తూకం చూసి అరవై ఆరు అన్నారు.
రాయపురం ఆసుపత్రిలో అదే మెట్ల కింది గది,
పరగడుపున వచ్చినవాళ్ళ అవే ఆవలింతలు.
గ్లాసు మారింది. అప్పుడు స్టీలు, ఇప్పుడు కాగితం.

నిమ్మకాయ పిండుకోవచ్చా అని అడిగితే
పూంగొడి సిస్టరు నవ్వి సగం చెక్క ఇచ్చింది.
"వాంతి చేసుకున్నావో, రేపు మళ్ళీ రావాలి."
రెండు గంటలు కడుపు బిగబట్టి కూర్చోవడమే
తల్లిగా నేను రాసిన మొదటి పరీక్ష.
తప్పాను.

"మా వంశంలో లేదమ్మా చక్కెర జబ్బు" అంది మా అత్త,
కాఫీలో మూడో చెంచా కలుపుకుంటూ.
గాజులు తొడిగిన రోజు చేతిలో పెట్టిన చక్కెర పొంగలి
కొంగున ముడేసుకున్నాను.
ఆ చీరకి నెయ్యి మరక ఇంకా ఉంది.

వేలి కొసలు పొడుచుకుని
నోటుబుక్కులో అంకెలు రాసేదాన్ని,
ఎక్కువొచ్చిన రోజు కాస్త తగ్గించి.
ఎవర్ని మోసం చేస్తున్నానో
అప్పటికి దానికింకా పేరు లేదు.

మూడు కిలోల తొమ్మిది వందలు!
వార్డంతా చూడ్డానికొచ్చింది.
కొబ్బరి బొండాంలా ఉందంది పక్క మంచం ఆవిడ.
గంటకే మడమలో సూది గుచ్చారు.
బొడ్డు కోశాక నా తీపి అందక
దాని నెత్తురు వెతుక్కుంటోందట,
వెతుక్కుంటూ పడిపోతోందట.

"ఆరు వారాలకు రండి, ఆపైన ఏడాదికోసారి"
అని కార్డు వెనక పెన్నుతో రాసిచ్చారు.
ఆ కార్డు మడతలో రేషన్ కార్డు దాచుకున్నాను
తొమ్మిదేళ్ళు.

మొన్న బడిలో నడుముకి టేపు చుట్టిన డాక్టరమ్మ
దాని జడ పక్కకు తీసి
మెడ వెనక నల్లచారను వేలితో తాకింది.
ఎన్ని ఆదివారాలు సున్నిపిండి పెట్టి రుద్దానో ఆ చారని,
మురికనుకుని.
ఏడ్చేది అది. కసిరేదాన్ని నేను.
"మీ తప్పు కాదండీ" అందావిడ.
మంచి మాటే.
ఇంటికి తెచ్చుకున్నాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వకుళ ముక్కు మూసుకుని మూడు గుక్కల్లో తాగేసింది.
"ఇది నేను ముందే తాగానా అమ్మా?
తెలిసిన రుచిలా ఉంది."
ఒకసారి, అన్నాను. నేను తాగిన రోజు.

కిటికీలోంచి హార్బరుకి పోయే గూడ్సు పెట్టెలు లెక్కపెడుతోంది.
నలభై ఒకటి దగ్గర తప్పి
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది.

ఇప్పటి సిస్టరు చిన్నపిల్ల.
పాత కార్డు అటూ ఇటూ తిప్పి
"తర్వాత మీరు చూపించుకున్నారా?" అంది.
గూడ్సు ఇంకా పోతూనే ఉంది.
"పొద్దున ఏమైనా తిన్నారా?"
లేదన్నాను.
అది పస్తుంటే నాకెలా దిగుతుంది?

"సరే అయితే" అంటూ
ఇంకో కాగితం గ్లాసు తీసింది.

నిమ్మకాయ ఉందా, అనడిగాను.